నీరు తీశాక బురద ఎవరెత్తాలి?

వరద సహాయమనగానే మనకు ఆహార పొట్లాలు, పడవలు గుర్తుకు వస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నానిన తరువాత డ్రోన్లు కూడా ఆ జాబితాలో చేరాయి. నీరు తీశాక మొదలయ్యే పనికి అంతటి కీర్తి లేదు. కుళ్లిన ధాన్యం, పశువుల కళేబరాలు, పొంగిన మురుగు, మరుగుదొడ్ల మలం కలిసిన బురదను ఎత్తడానికి ఇతర పురపాలక సంఘాల నుంచి పారిశుద్ధ్య కార్మికులను రప్పించారు. ఆ వచ్చినవారిది ఏ కులమని వేరే విచారించనక్కరలేదు. మన కోస్తా పట్టణాలలో తరతరాలుగా చీపురును రెల్లి, మాదిగ, యానాది చేతులకే అప్పగించాం.

2004 సునామీ అనంతరం నాగపట్టణంలోనూ ఇదే జరిగింది. తీరంలో కుళ్లుతున్న శవాలను తీయడానికి ఇతర పట్టణాల సఫాయి కార్మికులను తరలించారు. వారిలో అత్యధికులు దళితులు. తమిళనాట ఈ పని మోస్తున్న అరుంధతీయులలో ఎందరి ఇంటి భాషో తెలుగే. ప్రకృతికి కులం లేదనే మాట నేనూ విన్నాను. సహాయ చర్యలకు మాత్రం ఉన్నది.

విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 61వ సెక్షన్ పరిహారంలో, సహాయంలో కులవివక్షను నిషేధించింది. మంచిదే. అయితే అది సహాయం పొందేవారి గురించి చెప్పింది గాని, సహాయం చేయడానికి మురికిలో దిగేవారి ఊసెత్తలేదు. మనిషి చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 నాటి చట్టం ఉన్నది కదా అనవచ్చు. వరద రాగానే ‘అత్యవసరం’ అనే ఒక్క మాట చాటున ఆ చట్టం కాగితానికే పరిమితమవుతున్నది.

అంతర్జాతీయంగా స్ఫియర్ ప్రమాణాలు మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, 20 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలంటాయి. శిబిరాలలో వెయ్యి మందికి ఇద్దరు చొప్పున పరిశుభ్రతా ప్రచారకులు ఉండాలనీ అంటాయి. ఆ మరుగుదొడ్డి కడిగేదెవరన్న ప్రశ్న దగ్గరే మన సమాజం పట్టుబడుతుంది. చేతులు కడుక్కోండని గోడపత్రాలు అంటించేవారు ఒక కులం, దొడ్డి కడిగేవారు మరొక కులం అయినచోట ప్రచారం ఉపన్యాసంగా మిగులుతుంది. పైగా ఆ ఉపన్యాసం తరచు పేటలవైపే తిరుగుతుంది, మురికి పేదల అలవాటన్నట్టు. సబ్బూ నీళ్లూ ఇవ్వకుండా శుభ్రత బోధించడం నా దృష్టిలో అవమానమే.

శిబిరంలోని మరుగుదొడ్ల శుభ్రతను అక్కడ తలదాచుకున్న అన్ని కులాల కుటుంబాలకూ వంతులవారీగా పంచాలి. ప్రచారకులను వారిలోనుంచే, దళిత స్త్రీలతో సహా, వేతనంపై తీసుకోవాలి. బురద పనికి యంత్రాలు ముందు దిగాలి. తప్పనిసరై దిగిన మనిషికి బూట్లు, చేతి తొడుగులతోపాటు ధనుర్వాతం టీకా, ఎలుక జ్వరం రాకుండా డాక్సీసైక్లిన్ అందాలి. 2018 వరదలలో కేరళ ఆ మాత్రలను విస్తృతంగా పంచింది. మన జిల్లాల విపత్తు ప్రణాళికలలో పడవల లెక్క ఉంటుంది, బియ్యం లెక్క ఉంటుంది. వాటి పక్కనే రప్పించే కార్మికులు ఎందరు, వారు ఎక్కడ నిద్రిస్తారు, పని ముగిశాక ఏ నీటితో స్నానం చేస్తారు అనేవి కూడా వచ్చే వానాకాలానికి ముందే రాయించాలి.