డేటాబేసు ప్రశ్నలలో ‘కేస్’ : పౌర్వాపర్యవిచారము

ఉత్సర్గాపవాదముల మర్మ మెఱిఁగిన పండితులకు డేటాబేసు ప్రశ్నలలోని ‘కేస్’ నిర్మాణము క్రొత్తగాఁ దోఁపదు. ఐనను ఒక్కచోట మన వ్యాకరణసంస్కారమే మనలను మోసపుచ్చును.

1970లో ఎడ్గర్ కాడ్ సమాచారమును పట్టికల రూపమున నిలుపు సిద్ధాంతమును ప్రకటించెను. 1974లో చాంబర్లిన్, బాయిస్ అనువా రట్టి పట్టికలను ప్రశ్నించుటకు ఒక భాషను వెలువరించిరి. నేఁటి ఎస్.క్యూ.ఎల్. దాని పరిణామమే. 1992 నాఁటి ప్రమాణమున కేస్ చేరినది. ‘వెన్’ పిమ్మట నిమిత్తము, ‘దెన్’ పిమ్మట కార్యము. ఇట్టి జంట లెన్నియైన నుండవచ్చును. ఏ నిమిత్తమును పొసఁగనిచో ‘ఎల్స్’ చెప్పినది ఫలించును. ‘ఎండ్’తో సమాప్తి. ఎల్స్ లేనిచో ఫలము ‘నల్’, అనఁగా విలువ లేమి.

తుల్యబలవిరోధమునఁ బరవిధికే బలమని పాణినీయము (1-4-2). ఇచ్చట విపర్యయము, పూర్వమే బలీయము. మొదట సత్యమైన నిమిత్తమువద్దనే విచారణ నిలిచిపోవును. విశేషవిధి యెచ్చట నున్నను సామాన్యమును బాధించునను నమ్మకము చెల్లదు. తాళపత్రప్రతుల పట్టికను జూడుఁడు. లేఖనవత్సరము 1850కి ముందైన ‘ప్రాచీనము’, 1700కు ముందైన ‘అతిప్రాచీనము’, తక్కినవి ‘నవీనము’ అని యీ క్రమముననే వ్రాసితిమేని 1650 నాఁటి ప్రతి వట్టి ‘ప్రాచీనము’గనే తేలును. రెండవ నిమిత్తమున కది యెన్నఁడును జేరదు.

నే నొక గ్రంథాలయమున కిట్టి ప్రశ్న వ్రాసి, ఈ క్రమదోషమును వెంటనే దిద్దుకొంటిని. అంతకంటెఁ జెడ్డది వేఱొకటి కొన్ని నెలలు దాఁగియుండెను. వత్సరము తెలియని ప్రతులకు ఆ గడిలో నల్ ఉండును. నల్‌ను 1700తోఁ బోల్చిన ఫలము సత్యము కాదు, అసత్యమును గాదు. అజ్ఞాతమను మూఁడవ స్థితి. కేస్ సత్యమునే యంగీకరించును గనుక ఆ ప్రతులన్నియు ఎల్స్ పాలై ‘నవీనము’లయ్యెను. నవీనములకుఁ ద్వర లేదని వానిని చివరి బీరువాలో నుంచిరి. కాని లేఖనకాలము సాధారణముగా తుది యాకున నుండును. ఆ యాకు పురుగు తొలిచి రాలిపోయినందుననే పెక్కింటికి వత్సరము తెలియలేదు. వెంటనే శుశ్రూష కావలసినవే వెనుకఁబడెను. రెండు ప్రతులు చేతఁబట్టఁగనే పొడియయ్యెను.

ప్రతిక్రియ సులభము: ‘వత్సరము ఈజ్ నల్’ అను నిమిత్తమును అన్నిటికంటె ముందు వ్రాసి, దానికి ‘కాలము తెలియదు’ అని ఫల మీయవలయును. ‘ఈజ్’కు మాఱుగా సమతాచిహ్నము పెట్టిన లాభము లేదు, నల్ నల్‌తో సమానమా యన్నను అజ్ఞాతమనియే యుత్తరము. ఇప్పు డా గ్రంథాలయమున శుశ్రూషకుఁ బంపునప్పు డా నాలుగవ వర్గపు కట్టలనే ముందు విప్పుచున్నారు.