చిన్న పరిశ్రమలు: తనిఖీలు, అనుమతులు



నేను ముప్పది సంవత్సరములు ఒక పల్లెలో నూనె మిల్లు నడిపినవాడను. మా మిల్లునందు తొమ్మిదిమంది పనివారుండిరి. కోతల కాలమున వేరుసెనగ బస్తాలు గుమ్మమువఱకు పేరుకొనియున్నను పదియవ మనిషిని నేను పెట్టుకొనలేదు. కూలి యీయలేక కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ననుసరించి, విద్యుచ్ఛక్తితో యంత్రము నడచుచోట 10 మంది పనివారున్నచో అది కర్మాగారమయ్యెడిది. అంతట లైసెన్సు, రిజిస్టర్లు, తనిఖీలు వెంటవచ్చెడివి. పదియవవాని వలన గలుగు లాభముకంటె ఆ కాగితముల వలన గలుగు ప్రయాసయే యెక్కువయని లెక్కవేసికొంటిని. నావలె లెక్క వేసికొన్నవారిని పెక్కుమందిని నే నెఱుగుదును. ఒక మిల్లు పెరుగకపోవుట చిన్న సంగతి కావచ్చును. పని దొరకక ఊరు విడిచిపోయిన ఆ పదియవవాని సంగతి చిన్నది కాదు.

అట్లని తనిఖీలే వలదనుట తగదు. 1863వ సంవత్సరమున కలకత్తాలో నొక బాయిలరు ప్రేలి పలువురు మరణించిరి. మఱుసటి యేడే వంగరాష్ట్రమున బాయిలర్ల తనిఖీకై శాసనము పుట్టినది. మన ఉప్పుడు బియ్యపు మిల్లులలో ధాన్యము నుడికించుటకు ఆవిరి నిచ్చునది అట్టి బాయిలరే. 1984 డిసెంబరులో భోపాలునందును, 2020 మే 7వ తేదీన విశాఖపట్టణమునందును నిద్రించుచున్న జనులపై విషవాయువు వచ్చిపడుట మీ రెఱిగినదే. అట్టి చోట్ల అధికారి ఎన్నిమాఱులు వచ్చినను అధికము కాదు.

చిక్కెక్కడనగా, బాయిలరును పిండిమరను ఒక్క కంటితోనే చూచుటయందు. నా యనుభవమే చెప్పెదను. మాది కర్మాగారము కాకున్నను, తూనికలకు, పన్నులకు, కూలి లెక్కలకు వేర్వేరు శాఖలవా రుండనే యుండిరి. ఒక యేట ముగ్గురధికారులు వచ్చిరి. ముగ్గురును పుస్తకముల నడిగిరి. మా యంత్రపు బెల్టునకు అడ్డు లేదు. దానివంక చూచినవారు ఒక్కరును లేరు. ఆ యేడే ఒక పనివాని పంచె చెంగు బెల్టులో చిక్కుకొన్నది. దైవవశమున పంచె చినిగినది, మనిషి దక్కినాడు. మఱునాడు నేను ఇనుపజాలీ వేయించితిని. అంతకుముందే వేయింపకపోవుట నా తప్పే. కాని మూడు తనిఖీలు చేయని పనిని ఒక చినిగిన పంచె చేసినదని చెప్పక తప్పదు.

కావున తనిఖీల సంఖ్య కాదు, అవి పోవలసిన చోటు ముఖ్యము. ఈ దారిలో కొంత పని జరిగినది. 2014లో కేంద్ర కార్మికశాఖ, ఏ చోటికి ఏ అధికారి పోవలెనో కంప్యూటరు నిర్ణయించునట్లును, అధికారి తన నివేదికను 72 గంటలలో దాఖలు చేయునట్లును ఏర్పాటు గావించినది. 2016లో కాలుష్య నియంత్రణ మండలి పరిశ్రమలను ఎఱుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు అని నాలుగు తరగతులుగా విభజించినది. తెలుపు తరగతివారికి అనుమతి యక్కఱలేదు; తెలియజేసిన చాలును.

అనుమతుల విషయమున మఱియొక బాధ కలదు. కాదనిన కారణమైన తెలియును. ఏమియు ననక ఊరకుండిన అప్పు తెచ్చిన సొమ్ముపై వడ్డీ పెరుగును. 2014 నాటి తెలంగాణ చట్టము దీనికి గడువు పెట్టినది: భారీ పరిశ్రమలకు 15 దినములు, తక్కినవానికి హెచ్చుగ 30 దినములు. చిన్నవానికే హెచ్చు దినము లేల యని నాకొక సందేహము కలదుగాని, గడువనునది యుండుటయే మేలు.

2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చిన క్రొత్త కార్మిక స్మృతి, విద్యుచ్ఛక్తి గలచోట కర్మాగారమనుటకు 10 మందికి బదులు 20 మందిని, లేనిచోట 20కి బదులు 40 మందిని నిర్ణయించినది. ఐనను 10 మంది పనిచేయు చోట రక్షణవిధులు యజమానిపై నుండనే యున్నవి. మీ యూరి యువకుడెవడైన పరిశ్రమ పెట్టబోయి మీ సలహా నడిగినచో, దరఖాస్తు నిచ్చిన దినమే తేదీతో కూడిన రసీదు తీసికొనుమని చెప్పుడు. గడువు ఆ తేదీనుండియే లెక్కకు వచ్చును. బెల్టునకు జాలీ యున్నదా యని కూడ నడుగుడు.