కోతులు ఎక్కడికి వాపస్ పోవాలె?

పసుపు చేనులో మక్క అంతర పంటగా వేయడం కోరుట్ల వైపు పాత అలవాటు. ఇప్పుడు మక్క వేసే ముందు రైతు వెతుక్కునేది కావలి మనిషిని. కంకి పాలు పోసుకునే వేళ కోతుల మంద దిగితే, తిన్నదానికన్నా విరిచి పారేసిందే ఎక్కువ. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో పల్లి మానేసినవాళ్లున్నారు. పెరట్లో బీర, సొర పాదు మానేసినవాళ్లు ఇంకా ఎక్కువ. ఊరంతా వరే వేస్తున్నదంటే కాలువ నీళ్లు, బోర్లు అసలు కారణాలే, కానీ కోతి భయాన్నీ ఆ లెక్కలో వేయాలి.

గూనపెంకుల ఇళ్ల గోస వేరు. ఇంటి మీద మంద ఉరికితే పెంకులు పగులుతాయి, వానాకాలంలో ఇల్లు కురుస్తుంది. మగవాళ్లు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. కప్పు ఎక్కి పెంకులు సర్దే మనిషి ఇంట్లో ఉండడు. అరుగు మీద ఆడవాళ్లు ఒళ్లో బీడీ చాట, పక్కన కర్ర పెట్టుకుని కూర్చుంటారు. కర్ర చూసి బెదరని కోతి పిల్లల మీదికి దూకుతుంది. కరిస్తే రేబిస్ సూదుల కోసం కూలి మానుకుని దవాఖానకు తిరగాలి.

కొండముచ్చును తెచ్చి కట్టేశారు, పులి బొమ్మలు పెట్టారు, పక్కనున్న సిద్దిపేట జిల్లాలో ఒక రైతు మనిషికి ఎలుగుబంటి వేషం వేయించి చేనులో తిప్పాడు. కోతి తెలివైన జంతువు, బొమ్మ కదలదని త్వరలోనే కనిపెడుతుంది. ఆఖరుకు ఊరంతా చందాలేసుకుని పట్టేవాళ్లను పిలిపిస్తారు. పట్టిన కోతులు ఇంకో ఊరి పొలిమేరలో దిగుతాయి. ఆ ఊరూ చందాలేసుకుంటుంది.

ఇలా తరలించడం వల్ల జరిగిన నష్టం పంటతో ఆగలేదు. దక్షిణాదిది పొడుగు తోక, తల మీద టోపీలాంటి జుట్టు ఉండే కోతి. పొట్టి తోక, ఎర్ర పిర్రల కోతి ఉత్తరాదిది. తూర్పు వైపు ఈ రెండింటికీ గోదావరే హద్దని చాలాకాలం అనుకున్నారు. ధర్మపురి రేవు ఆ హద్దు మీదే ఉంది. కొన్ని దశాబ్దాలుగా ఉత్తరాది కోతి నది దాటి దక్షిణానికి వ్యాపిస్తుంటే, దక్షిణాది కోతి చోటు కోల్పోతోంది. మనుషులు పట్టి విడిచిపెట్టడమూ ఇందుకు ఒక కారణమని పరిశోధకులు చెబుతున్నారు.

అడవి పోయింది కాబట్టి కోతి ఊళ్లోకొచ్చిందనే మాట సగమే నిజం. గుట్టలను గ్రానైట్ క్వారీలు తొలిచేశాయి. మర్రి, మేడి, మొర్రి, ఇప్ప పలచబడ్డాయి. బీడీ ఆకు కోసం తునికి పొదను నరికితే లేత ఆకు దండిగా వస్తుంది గానీ, చెట్టయితే తప్ప పండు కాయదు. రెండో సగం మన చేతి తిండి. కొండగట్టు, వేములవాడ దారుల్లో భక్తులిచ్చే అరటిపండ్లు, కొబ్బరి ముక్కలు, ఊరి చెత్తకుప్పలు, ఏడాది పొడవునా పచ్చగా ఉండే చేలు. మేత కష్టంగా దొరికే అడవిలో తల్లి ఈతకూ ఈతకూ మధ్య ఎడం ఉంటుంది. కూర్చున్నచోటికే తిండి వస్తే ఏటేటా పిల్లను కంటుంది. ఆడకోతులు పుట్టిన మందను విడిచిపోవు, మంద అక్కడే పెరుగుతుంది.

2015లో మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం మొదలైనప్పుడు వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె అన్న నినాదం ఊరూరా వినిపించింది. పండ్ల మొక్కలు నాటడం మంచి పనే. కానీ సంతానం ఆపకుండా పండ్ల తోటలే పెంచితే, తిండికి తోడు తిండి చేరి మంద ఇంకా పెరుగుతుందని నా భయం. 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర చించోలి(బి)లో కోతులకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేసే కేంద్రం తెరిచారు. హిమాచల్‌ప్రదేశ్ లక్షన్నరకు పైగా కోతులకు ఈ చికిత్స చేయించింది. అంత పెద్ద ఎత్తున చేయాలంటే జిల్లాకొక కేంద్రమైనా కావాలి. చికిత్స చేసిన కోతిని పట్టిన చోటే వదలాలి, పక్క ఊరికి తోలకూడదు. అది ఇరవై ఏళ్లు కూడా బతకగలదు, ఆ ఏళ్లన్నీ తింటూనే ఉంటుంది. కాబట్టి ఫలితం కనిపించేదాకా మక్క రైతుకు నష్టపరిహారం, పెంకుటింటికి మరమ్మతు ఖర్చు ఇవ్వాల్సింది ప్రభుత్వమే.