మూడంగుళాల కోసం

"మామయ్యా, ఆపరేషన్‌తో మూడంగుళాలు పెరగొచ్చట, నిజమేనా?" అని మొన్న మా మేనల్లుడు డాలస్ నుంచి ఫోను చేశాడు. పెళ్ళిచూపుల్లో ఎవరో "అబ్బాయి పొట్టి" అన్నారట.

నిజమే. 1950లలో సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజారోవ్ అనే వైద్యుడు అతకని ఎముకలకీ, కురచబడ్డ కాళ్ళకీ కనిపెట్టిన చికిత్స ఇది. ఎముకని కోసి, కాలి చుట్టూ బిగించిన చట్రంతో రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున ఎడం చేస్తే ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది.

మూడంగుళాలంటే 76 మిల్లీమీటర్లు. అంటే 76 రోజుల సాగదీత. అది గట్టిపడడానికి మరికొన్ని నెలలు. కండరాలూ, నరాలూ అంత తేలిగ్గా సాగవు. మడమ నేలకి ఆనకపోవచ్చు, చీము పట్టవచ్చు, ఎముక అతక్కపోవచ్చు.

ఇంకో లెక్క. మన బార సుమారుగా మన ఎత్తంత ఉంటుంది. కాళ్ళు సాగినా చేతులు సాగవు కదా! తొడ ఎముకనే సాగదీస్తే తొడకీ పిక్కకీ పొంతన తప్పుతుంది.

2016లో హైదరాబాదులో ఒక కుర్రాడు ఇంట్లో చెప్పకుండా ఈ ఆపరేషన్ చేయించుకున్న వార్త మీరూ చదివే ఉంటారు.

"ముందు మీ అమ్మకి చెప్పు" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు.