పరికరము పేరు, దాని చిరునామా

కంప్యూటరులో ఏ పరికరము ఎక్కడ ఉన్నదో లైనక్సుకు తెలుపు పట్టికను ‘డివైస్ ట్రీ’ అందురు. 2013లో వెలువడిన బీగిల్‌బోన్ బ్లాక్ బోర్డునే తీసికొందము. అందు ఐ2సి అను రెండు తీగల మార్గముపై ఈఈప్రామ్ అను జ్ఞాపకచిప్ గలదు. పట్టికలో దానిని ఈఈప్రామ్ అని, పిదప ‘ఎట్’ గుర్తు పెట్టి, 50 అని వ్రాయుదురు. పేరు పనిని, సంఖ్య స్థానమును చెప్పును. ఈ 50 పదహారు ఆధారముగా గల సంఖ్య. దశాంశమానములో 5×16, అనగా 80. వేరు వీధులలో ఒకే ఇంటి నంబరు ఉన్నట్లు, మరియొక తీగమార్గముపైనను 50 ఉండవచ్చును.

ఇదే సంఖ్యను ‘రెగ్’ అను పంక్తిలో మరల వ్రాయవలెను. లైనక్సు నమ్మునది ఆ పంక్తినే. అక్కడ పొరపాటున 51 పడినచో పట్టికను కూర్చు సాధనము హెచ్చరించును. దానిని లక్ష్యపెట్టనిచో లైనక్సు 51ని పిలుచును. అక్కడ బదులిచ్చు చిప్ ఉండదు. చెడినది చిప్ కాదు, చిరునామా!