ప్రతిదానికీ కాలమ్ ఎందుకు?

వెబ్ డెవలపర్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నారా? రుషికొండ ఐటీ కంపెనీకి వెళ్లినా, హైదరాబాద్ వెళ్లినా ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు గురించి అడుగుతారు. ‘ఈ కాలమ్ ఎందుకు పెట్టారు?’ అంటే జవాబుందా? తాత్కాలిక అట్రిబ్యూట్లు తెలిస్తే ఉంటుంది.

విశాఖ పోర్టు ఉదాహరణ

1933లో ప్రారంభమైన మన పోర్టుకు వచ్చే ఓడలపై మినీ ప్రాజెక్టు చేస్తున్నారనుకోండి. ఓడ పేరు, సరకు, బెర్తుకు చేరిన సమయం, బయల్దేరిన సమయం... వీటికి కాలమ్‌లు ఉండాల్సిందే. మరి ‘బెర్తులో ఎన్ని గంటలుంది’ అన్నదానికి? బొగ్గు దించుతున్న ఓడకు ‘10 గంటలు’ అని సేవ్ చేస్తే, ఇంకో గంటకే అది తప్పవుతుంది. కాబట్టి అడిగినప్పుడల్లా లెక్కగట్టాలి. బయల్దేరిన సమయం ఖాళీగా ఉంటే ఇప్పటి సమయం తీసుకోవాలి. అంటే ఆబ్జెక్టుకు అట్రిబ్యూట్ ఉంటుంది, టేబుల్లో కాలమ్ ఉండదు.

ఎందులో ఎలా?

* రూబీ ఆన్ రైల్స్: లెక్కకు మామూలు మెథడ్ చాలు. ఫారం నుంచి వచ్చే తాత్కాలిక విలువకు అట్ర్ యాక్సెసర్.
* జాంగో: మోడల్ క్లాసులో ప్రాపర్టీ.
* జావా జేపీఏ: ట్రాన్సియెంట్ యానొటేషన్ పెట్టిన ఫీల్డు టేబుల్లోకి వెళ్లదు.

పాస్‌వర్డ్ దగ్గర జాగ్రత్త

యూజర్ టైప్ చేసిన పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు సేవ్ చేశారా? డేటాబేస్ బయటపడితే అందరి ఖాతాలూ బయటపడ్డట్టే. రైల్స్‌లో హ్యాజ్ సెక్యూర్ పాస్‌వర్డ్ వాడితే పాస్‌వర్డ్, దాని కన్ఫర్మేషన్ మెమరీలోనే ఉంటాయి. టేబుల్లోకి వెళ్లేది హ్యాష్ మాత్రమే.

పరిమితులూ ఉన్నాయి

48 గంటలు దాటిన ఓడల జాబితా కావాలంటే జాంగో ప్రాపర్టీని ఫిల్టర్‌లో వాడలేరు. ఎందుకంటే అది డేటాబేస్‌కు తెలియదు. అక్కడ యానొటేట్ వాడి, లెక్కను డేటాబేస్‌తోనే చేయించాలి.

అలాగని లెక్కగట్టగలిగేవన్నీ తాత్కాలికం కాదు. ఓడకు వేసిన బిల్లు మొత్తం సేవ్ చేయాల్సిందే. రేపు రేటు మారినా పాత బిల్లు మారకూడదు కదా!

ఇవాళే మీ ప్రాజెక్టు తెరవండి. ఒక్కో కాలమ్ దగ్గర ఆగి అడగండి: ‘ఇది భద్రపరచాల్సిన విషయమా, అప్పటికప్పుడు లెక్కగట్టేదా?’ కారణం చెప్పగలిగితే ఇంటర్వ్యూలో సగం పని అయిపోయినట్టే.