రాత్రి అప్లికేషన్, గంటలో రిజెక్ట్: ఇంతకీ చదివిందెవరు?

తిరువూరు నుంచి మాట్లాడుతున్నా. బీటెక్ అయిన తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇది: "అన్నా, రాత్రి పదకొండుకి అప్లై చేస్తే పన్నెండుకే రిజెక్ట్ మెయిల్. అంత త్వరగా ఎవరు చదివారు?"

చాలాసార్లు ఎవరూ చదవరు. పెద్ద కంపెనీల్లో మీ రెజ్యూమె ముందు వెళ్లేది ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌కి. అది ఫైల్లోంచి చదువు, స్కిల్స్, అనుభవం లాగి గడుల్లో సర్దుతుంది. కంపెనీ పెట్టిన షరతులకి సరిపోకపోతే పక్కన పెట్టేస్తుంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ 2021లో ఇచ్చిన రిపోర్ట్ చూడండి. ఉద్యోగంలో ఆర్నెల్లకు మించి గ్యాప్ ఉంటే చాలు, సర్వే చేసిన కంపెనీల్లో దాదాపు సగం ఆ రెజ్యూమెని ఫిల్టర్ చేసేస్తున్నాయట. ఆ ఆర్నెల్లు మీరు నాన్నని ఆసుపత్రిలో చూసుకున్నారో, మామిడి తోట పని చూశారో అది అడగదు.

మరి ఏం చేద్దాం? రెండు కాలమ్‌ల డిజైన్లు, బొమ్మలు వద్దు, సాదాగా ఉంచండి. ప్రకటనలో అడిగిన స్కిల్ మీకు నిజంగా వస్తే, అదే మాటతో రాయండి. ముఖ్యంగా, ఆ కంపెనీలో ఉన్న సీనియర్‌ని రిఫరల్ అడగండి. అప్పుడు మీ పేరు ఒక మనిషి నోట్లోంచి వెళ్తుంది.

ఎవరైనా గుర్తొచ్చారా? వీడియో ఆపి, ముందు వాళ్లకి మెసేజ్ పెట్టండి.